అక్కడ చెల్లింది ఇక్కడ చెల్లదు

నేను డర్బన్‌లో పుట్టి పెరిగిన బడిపంతులమ్మను. నా తెలుగు గుడిలో, ఆదివారం తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి. ఇప్పుడు అబుదాబి నగరానికి బయట మఫ్రఖ్‌లో ఉంటున్నాను. అరబ్బీలో ఈ మాటకు దారులు చీలే చోటు అని అర్థం. మన ఊళ్ళ నుంచి పిల్లలు ఉద్యోగాలకు ఇటువైపు వస్తున్నారు కనుక ఇది రాస్తున్నాను.

మా అక్క కొడుక్కి ఇక్కడ ఉద్యోగం కుదిరింది. మంచివాడు. స్నేహితులతో శనివారాలు గంజాయి తాగే అలవాటు మాత్రం ఉంది. "చిన్నమ్మా, అక్కడికి వచ్చాక ముట్టను. ఇంట్లో తాగితే ఇక్కడ నేరం కాదు కదా, భయమెందుకు?" అని ఫోనులో అడిగాడు. వాడు చెప్పింది నిజమే. 2018 సెప్టెంబరు 18న మన రాజ్యాంగ న్యాయస్థానం పెద్దవాళ్ళు తమ ఇంట్లో గంజాయి వాడుకోవడం నేరం కాదని తీర్పు ఇచ్చింది. కానీ ఆ తీర్పు విమానం ఎక్కి మనతో రాదు.

ఇక్కడ 2021 నాటి 30వ నంబరు ఫెడరల్ చట్టం నడుస్తోంది. ఏడు ఎమిరేట్లకూ ఇదే చట్టం. జేబులో దొరికితేనే నేరం అనుకోకండి. రక్తంలో, మూత్రంలో కనిపించినా కేసు అవుతుంది. తరచుగా తాగేవారి మూత్రంలో దాని జాడ కొన్ని వారాలు ఉంటుంది. అంటే డర్బన్‌లో తాగినది అబుదాబిలో బయటపడవచ్చు. అందుకే మావాడికి గట్టిగా చెప్పాను: "ఈ రోజే మానెయ్యి. మానలేకపోతే టికెట్టు కొనకు." వాడు రెండు రోజులు అలిగాడు. వాళ్ళమ్మ కూడా నాతో మాట్లాడలేదు. అయినా నా మాట మార్చుకోలేదు.

వాడుకున్నందుకు మొదటిసారి పట్టుబడితే కనీసం మూడు నెలల జైలు, లేదా 20,000 నుంచి 1,00,000 దిర్హముల జరిమానా. మళ్ళీ మళ్ళీ పట్టుబడితే శిక్ష పెరుగుతుంది. అమ్మకం అని తేలితే యావజ్జీవం, మరణశిక్ష దాకా పోవచ్చు. మత్తుమందు కొనడానికి ఇంకొకరి ఖాతాలో డబ్బు వేయడం కూడా వేరే నేరం. శిక్ష అయ్యాక దేశం నుంచి పంపివేయవచ్చు. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, వీసా కూడా పోతుంది.

ఇది మునుపటి కంటే మెత్తనే. పాత చట్టం కింద, బూటు అడుగున 0.003 గ్రాముల గంజాయి అంటుకుని ఉన్న ఒక బ్రిటిష్ ప్రయాణికుడికి దుబాయ్‌లో నాలుగేళ్ళ శిక్ష పడింది. 2008లో క్షమాభిక్ష దొరికి ఆయన ఇల్లు చేరాడు.

ఇక అమ్మలకూ అవ్వలకూ ఒక మాట. పిల్లల పెట్టెలో ప్రేమగా మసాలాలు పెడతారు కదా. గసగసాలు పెట్టకండి. అవి గసగసాల మొక్క గింజలే, ఆ మొక్క నుంచే నల్లమందు వస్తుంది. ఇక్కడికి వాటిని తేవడం నిషేధం. తమలపాకులు, వక్కలు కూడా వద్దు. మనం మందుల షాపులో చీటీ లేకుండా కొనే కొన్ని నొప్పి మాత్రల్లో, దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. అది ఇక్కడ అదుపులో ఉన్న మందు. ట్రమడాల్ కూడా అంతే. తప్పనిసరి అయితే డాక్టరు చీటీతో ఇక్కడి ప్రభుత్వం దగ్గర బయలుదేరక ముందే అనుమతి తీసుకోవాలి. ఎవరైనా "మా తమ్ముడికి ఇవ్వండి" అని కట్టేసిన పొట్లం ఇస్తే, విప్పి చూపించమనండి. చూపించకపోతే తీసుకోకండి. మొహమాటానికి పోతే జైలు మనకే.

ఇప్పటికే అలవాటులో చిక్కుకున్నవారికి ఒక దారి ఉంది. పట్టుబడక ముందే తమంతట తాము చికిత్సకు వెళ్ళిన వారిపై ఈ చట్టం కేసు పెట్టనివ్వదు. దగ్గరి బంధువులు కూడా వారి తరఫున అడగవచ్చు. అబుదాబిలో 2002 నుంచి నేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది. సిగ్గుపడి దాచిపెట్టే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఒకవేళ పోలీసులు పట్టుకుంటే? విచారణ, కోర్టు అన్నీ అరబ్బీలో జరుగుతాయి. దుబాసీని అడగండి, అది మీ హక్కు. మన రాయబార కార్యాలయానికి కబురు పంపమని అడగండి. వారు విడిపించలేరు, కానీ వకీళ్ళ పేర్లు ఇస్తారు, ఇంటికి తెలియజేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ దాని వెనుక వచ్చిన ఓడల్లోనూ వచ్చిన మన పెద్దల్లో చాలామంది, చదవలేని ఒప్పందానికి కట్టుబడి వచ్చారు. వారికి చదివి చెప్పేవారు లేరు. మన పిల్లలకు మనం ఉన్నాం. పెట్టె సర్దే ముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఇవన్నీ చదివి చెప్పండి.