రియో క్లారో చెట్ల కింద ఒక కొత్త చీమ

బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో రియో క్లారో అనే ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, యూకలిప్టస్ చెట్ల కింద, మైకోసెపురస్ గోయెల్డీ అనే చీమలు గూళ్లు కట్టుకుని బతుకుతాయి. వెళ్లినవారికి పైన కనిపించేది మామూలు మట్టే. తవ్వుతూ పోతే లోపల చిన్న గదులు, వాటిలో బూజు తోటలు బయటపడతాయి. పురుగుల రెట్టలు, ఎండిన మొక్కల తునకలు పోగుచేసి, వాటిమీద శిలీంధ్రాన్ని పెంచి తినడమే ఈ చీమల బతుకుతెరువు.

ఒక్కో గూటిలో పలు రాణులుంటాయి. పరీక్షగా చూస్తే కొన్ని గూళ్లలో మరీ చిన్న రాణులు కూడా తిరుగుతుంటాయి. అవి ఆ ఇంటివి కావు. పరిశోధకులు క్రిస్టియన్ రాబెలింగ్, మౌరిసియో బాచ్చి 2010లో వాటిని మైకోసెపురస్ కాస్ట్రేటర్ అనే కొత్త జాతిగా వర్ణించారు. ఈ రాణులకు పనిచీమలు పుట్టవు. పుట్టేవన్నీ రాణులు, మగచీమలే. వాటి మేత, పెంపకం గోయెల్డీ పనిచీమల నెత్తినే పడతాయి. ఇవి చేరిన గూట్లో గోయెల్డీలకు పనిచీమలు పుడుతూనే ఉంటాయి గానీ రెక్కల సంతానం, అంటే కొత్త రాణులు, మగచీమలు, కలగదు. గూట్లో పని ఆగదు, వంశం ఆగిపోతుంది.

కొండో నదో అడ్డుపడి ఒక జాతి రెండు గుంపులుగా విడిపోతేనే కొత్త జాతి పుడుతుందని ఎర్నెస్ట్ మేయర్ వంటి జీవశాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. ఇక్కడ అలాంటి అడ్డేదీ లేదు, రెండూ ఒకే గూటిలో ఉంటున్నాయి. 2014లో రాబెలింగ్ బృందం రెండింటి జన్యువులను పోల్చి, కాస్ట్రేటర్ సుమారు 37,000 ఏళ్ల కిందట గోయెల్డీ నుంచే చీలిందని అంచనా వేసింది. పరిణామ చరిత్రలో ఇది చాలా స్వల్పకాలం. మైటోకాండ్రియా జన్యువులు వేరుపడిపోయాయి, కేంద్రక జన్యువుల్లో కొన్ని మాత్రం ఇంకా ఉమ్మడిగానే ఉన్నాయి. జాతులు విడిపోతున్న దశ ఇంత స్పష్టంగా చిక్కడం చాలా అరుదు. రియో క్లారో చీమల అసలు విలువ అదే.

రెండింటినీ వేరుచేసే అడ్డుగోడ జతకట్టే చోటులో ఉంది. గోయెల్డీ చీమలు రెక్కలతో గూడు దాటి ఎగిరి జతకడతాయి. కాస్ట్రేటర్లు గూటిలోపలే జతకడతాయి. దాంతో రెండింటి మధ్య సంకరానికి దారి మూసుకుపోయింది.

కాస్ట్రేటర్ లాంటి పరాన్నజీవి చీమలు తాము ఆశ్రయించే చీమలకు దగ్గరి బంధువులని కీటకశాస్త్రవేత్త కార్లో ఎమెరీ 1909లోనే గమనించాడు. ఆ బంధుత్వం ఎలా ఏర్పడగలదో ఈ జంట చూపిస్తుంది. అయితే అన్ని పరాన్నజీవి చీమలదీ ఇదే కథ కాదు. చాలావాటికి ఆశ్రయమిచ్చే జాతి బంధువే అయినా, అన్నిటికన్నా దగ్గరి బంధువు కాదు.