రెండోసారి తొక్కితేనే

బ్రేకు ఒక్కరోజులో పోదు. రోజుకి కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అందుకే రోజూ నడిపేవాళ్ళకి తెలీదు. మా ఇంట్లో 2009 మోడల్ స్కార్పియో ఉంది. నాన్న దాన్ని ఆపాలంటే పెడల్ రెండుసార్లు తొక్కుతారు. మొదటిది ఉత్తుత్తిగా, రెండోది గట్టిగా. బ్రేకేస్తే బండి ఎడమకి లాగుతుంది కాబట్టి స్టీరింగ్ కాస్త కుడికి పట్టుకుంటారు. అడిగితే "ఆగుతోంది కదరా" అంటారు.

సంక్రాంతి సెలవుల్లో నానమ్మని తిరుమల తీసుకెళ్దాం అన్నారు. మొత్తం ఏడుగురం. ఎక్కడం గురించి నాకు భయం లేదు, దిగడం గురించే. ఇంటర్ ఫిజిక్స్‌తో ఒక లెక్క వేశాను. రెండు టన్నుల బండి గంటకి 80 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉంటే, దాన్ని ఆపడానికి సుమారు 490 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అదే బండి 500 మీటర్ల ఎత్తు దిగితే 9,800 కిలోజౌళ్లు. అంటే 80 స్పీడ్ నుంచి ఇరవైసార్లు ఆపినంత! చిన్న గేర్‌లో దిగితే కొంత ఇంజిన్ మోస్తుంది, మిగతాది బ్రేకులే మొయ్యాలి. కాగితం చూసి నాన్న ఏమీ అనలేదు. మర్నాడు బండిని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళారు.

చక్రాలు విప్పితే ఒక్కొక్కటే బయటపడింది. కుడివైపు కాలిపర్ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి బిగుసుకుంది. ఎడమ చక్రం ఒక్కటే గట్టిగా పట్టడంతో బండి అటు లాగుతోంది. ముందు డిస్కుల మీద కనీస మందం ఎంతుండాలో చెక్కి ఉంటుంది. కొలిస్తే అంతకంటే తక్కువే ఉన్నాయి. వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి గ్యాప్ పెరిగింది. మొదటి తొక్కుడు ఆ గ్యాప్ మూయడానికే సరిపోతోంది. ఒక వీల్ సిలిండర్ లీకై షూ ఆయిల్‌తో తడిసింది. బ్రేక్ ఆయిల్ అయితే డికాషన్ రంగులో ఉంది. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి దిగిపోతుంది.

"మీ నాన్నగారి కాలు అలవాటు పడింది బాబూ, బ్రేకు బాగుండి కాదు," అన్నాడు మేస్త్రీ.

మా బావ ఫోన్ చేసి, చిల్లుల డిస్కులు, పెద్ద కాలిపర్లు వేయించమన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. పెద్ద డిస్కుకి పెద్ద రిమ్ము కావాలి, పెద్ద పిస్టన్‌కి మాస్టర్ సిలిండర్ సరిపోవాలి, ముందు వెనకల బ్యాలెన్స్ చెడిపోకూడదు. పైగా చివరికి రోడ్డుని పట్టేది టైరే. "ముందు కంపెనీ ఇచ్చిన బ్రేకుని కంపెనీ ఇచ్చినట్టు చేద్దాం" అన్నాడు. ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక షూలు, వీల్ సిలిండర్లు, పగుళ్ళొచ్చిన హోస్ పైపులు మార్చాడు. కాలిపర్ పిన్నులు శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టాడు. అప్‌గ్రేడ్ ఒక్కటే, పాత ఆయిల్ అంతా తీసేసి డాట్ 4 పోయడం. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కే పని నాది.

తర్వాత వారం రోజులు నానమ్మ తిట్లు తప్పలేదు. నాన్న అలవాటుగా రెండుసార్లు తొక్కుతుంటే మేమంతా ముందు సీట్లకి గుద్దుకునేవాళ్ళం. తిరుమల నుంచి మాత్రం పాత ఘాట్ రోడ్డు మీద రెండో గేర్‌లో, కాలిన వాసన లేకుండా అలిపిరికి దిగాం.

ప్రోగ్రాం రాసినవాడే టెస్ట్ చెయ్యకూడదు అని మా క్లాసులో చెప్తారు. మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఎప్పుడూ దాన్ని ముట్టుకోని వాళ్ళకి ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, ఒకసారి ఇచ్చి చూడండి. వాళ్ళ కాలు అబద్ధం చెప్పదు.