గుడ్డిగుర్రానికి పళ్లు తోమడం

ఫలితం లేని చాకిరీ చేసేవాణ్ణి చూసి గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నాడంటారు మనవాళ్లు. ఇంగ్లండులో జనవరి చలిలో, ఫ్లడ్‌లైట్ల కింద, గడ్డి మీద కాకుండా మైనం పట్టించిన ఇసుక మీద అట్టడుగు తరగతి గుర్రాలు పరుగెత్తే పందేలను పెన్సిల్ పట్టుకుని చదివేవాళ్ల గురించి అక్కడివాళ్లూ ఇంచుమించు ఇలాగే నవ్వుకుంటారు. డెర్బీ గుర్రాన్ని అంచనా వేస్తే అది విద్య, వుల్వర్‌హాంప్టన్‌లో ఏడేళ్లుగా ఓడుతూ వస్తున్న గుర్రాన్ని అంచనా వేస్తే అది వ్యసనం అని వాళ్ల లెక్క. నా లెక్క దీనికి తలకిందులు. డెర్బీలో పరుగెత్తే మూడేళ్ల గుర్రం చరిత్ర సాధారణంగా నాలుగైదు పరుగులకు మించదు. పైగా అవి వేరువేరు ఊళ్లలో, వేరువేరు నేలల మీద పరుగెత్తినవి. ఆ మైలున్నర దూరం చాలా గుర్రాలకు అదే మొదటిసారి. అక్కడ చదవడానికి ఉన్నది తక్కువ, ఊహించుకోవాల్సింది ఎక్కువ. అడుగు తరగతి గుర్రం అలా కాదు, అది తెరిచిన పుస్తకం. అయితే ఆ పుస్తకం గెలిచే గుర్రం పేరు చెబుతుందనుకుంటేనే చిక్కు. అది చెప్పేది ఒక్కో గుర్రానికి నూటికి ఎన్ని పాళ్లు అవకాశం ఉందో, అంతే.

ఈ రకం పందేలు పుట్టింది క్రీడ మీద ప్రేమతో కాదు, అంగడి అవసరం కోసం. మంచుకు నేల గడ్డకట్టో, వానకు చిత్తడయ్యో శీతాకాలపు పందేలు వరసగా రద్దవుతుంటే బెట్టింగ్ షాపుల్లో గల్లాపెట్టెలు ఖాళీగా ఉండేవి. అందుకని 1989 అక్టోబరు 30న లింగ్‌ఫీల్డ్‌లో బ్రిటన్‌కు ఇసుక మీది మొదటి ఆల్‌వెదర్ రేసు వచ్చింది. కొద్ది రోజులకే సౌత్‌వెల్, 1993లో వుల్వర్‌హాంప్టన్, 2006లో కెంప్టన్, 2016లో న్యూకాజిల్ వచ్చాయి. చెల్మ్స్‌ఫర్డ్ 2008లో వేరే పేరుతో మొదలై, ఏడాది తిరక్కుండానే మూతపడి, 2015లో మళ్లీ తెరుచుకుంది. మొత్తం ఆరు ట్రాకులు. వీటి మీద గొప్ప గుర్రాలు పరుగెత్తవని కాదు. ఫ్రాన్సులో జరిగే ఆర్క్ పందేన్ని రెండుసార్లు గెలిచిన అనేబుల్ అనే గుర్రం తొలి పరుగు న్యూకాజిల్ ఇసుక మీదే. 2018లో ఆర్క్‌కు ముందు ఆ ఏడాది తొలి పరుగు తీసిందీ కెంప్టన్‌లోనే. కానీ అది అప్పుడప్పుడు వచ్చే చుట్టం. ఇంటివాళ్లు మాత్రం క్లాస్ 6 అనే అడుగు తరగతి గుర్రాలు. ఏడాదికి పది, పదిహేనుసార్లు ఇవే ఆరు చోట్ల, ఇవే దూరాలు, తరచు ఒకదానితో ఒకటే పోటీ. మళ్లీ మళ్లీ జరిగేది ఏదైనా లెక్కకు లొంగుతుంది.

మొదట వచ్చే అభ్యంతరం గట్టిదే. ఈ రేసుల్లో ఎక్కువ భాగం హ్యాండిక్యాపులు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగు ఉంటుంది, రేటింగులో ఒక పాయింటుకు వీపు మీద ఒక పౌను బరువు. 0-60 అని రాసిన రేసులో 60 రేటింగు గుర్రం 50 రేటింగు గుర్రం కన్నా పది పౌన్లు ఎక్కువ మోస్తుంది. బలాబలాలను సమానం చేయడానికే జీతం తీసుకునే అధికారి ఒకరు ఉండగా, ఇక తేడాలు వెతకడం దేనికి? 1855లో అడ్మిరల్ రౌస్ ఈ పని చేపట్టిన నాటి నుంచీ ఇది అడుగుతున్న ప్రశ్నే. జవాబు ఏమిటంటే, హ్యాండిక్యాపరు సమానం చేయగలిగేది గుర్రం మొత్తమ్మీది సత్తాను. ఈ రాత్రి బయల్దేరడానికి దానికి ఏ గేటు దక్కిందో, మలుపు ఎడమకా కుడికా, ముందు పరుగెత్తేవి ఎన్ని ఉన్నాయో, వీటికి ఆయన పౌన్లు కట్టడు. మంచి గుర్రం వీటిలో ఒకటి రెండు ఎదురైనా నెట్టుకొస్తుంది. మామూలు గుర్రానికి ఆ మిగులు శక్తి లేదు. పల్లెవెలుగు బస్సు చదును రోడ్డు మీద వేళకే చేరుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కించి ఆలస్యమైందని డ్రైవర్ని తిడితే ఏం లాభం? అడుగు తరగతి గుర్రాన్ని అంచనా వేయడమంటే అది ఎంత గొప్పదో తేల్చడం కాదు, దానికి సరిపడే రోడ్డు ఈ రాత్రి దొరికిందా అని చూడటం.

వుల్వర్‌హాంప్టన్‌లో ఏడు ఫర్లాంగుల రేసు, పన్నెండు గుర్రాలు అనుకుందాం. వాటిలో విత్తు కొట్టిన ఏడేళ్ల మగ గుర్రం ఒకటి, రేటింగు 54. చివరి ఆరు పరుగుల్లో దాని స్థానాలు 8, 7, 9, 5, 6, 4. రేసు పుస్తకంలో ఈ అంకెలు చూసినవాడు పేజీ తిప్పేస్తాడు. తిప్పకుండా వెనక్కి చదివితే కథ వేరు. అది గెలిచిన నాలుగు రేసులూ ఏడు ఫర్లాంగులే, నాలుగూ ఎడమ మలుపు ట్రాకులే, నాలుగింటిలోనూ లోపలి గేటు నుంచి మొదటే ముందుకొచ్చింది. గెలిచిన రేటింగులు 52 నుంచి 57 దాకా. ఓడిన ఆరింటిలో రెండు కెంప్టన్‌లో, ఆరు ట్రాకుల్లో కుడి మలుపు ఉన్నది అదొక్కటే. ఒకటి న్యూకాజిల్‌లో తిన్నటి మైలు, అక్కడ మలుపే లేదు. ఒకటి ఆరు ఫర్లాంగులు, దానికి వేగం చాలదు. మిగిలిన రెండూ వుల్వర్‌హాంప్టన్‌లోనే, కానీ అప్పుడు రేటింగు 60 దగ్గర ఉంది, గేట్లు 11, 12. బయటి గేటు నుంచి బయల్దేరి మలుపంతా వెడల్పుగా తిరిగితే ఎన్ని గజాలు ఎక్కువ పరుగెత్తిందో ఏ పట్టికలోనూ ఉండదు. ఓడిన ప్రతిసారీ హ్యాండిక్యాపరు ఒకటో రెండో పాయింట్లు తగ్గిస్తూ వచ్చాడు. ఈ రాత్రి రేటింగు 54, గేటు 3, దూరం ఏడు ఫర్లాంగులు. ఆరు ఓటములూ ఆ గుర్రానికి ఇచ్చిన రాయితీగా మారాయి.

ఇక రేసు నడక సంగతి. నన్నడిగితే గేటు కన్నా, బరువు కన్నా ఇదే ముఖ్యం. వుల్వర్‌హాంప్టన్ చుట్టుకొలత మైలుకు కాస్త అటూ ఇటూ, చివరి మలుపు తిరిగాక గమ్యానికి రెండు ఫర్లాంగులు కూడా మిగలవు. ముందున్న గుర్రం తీరిగ్గా నడిపించుకుని మలుపు తిరిగితే, వెనకనుంచి వచ్చేదానికి దాన్ని పట్టుకోవడానికి చోటు చాలదు. అదే ముందు పరుగెత్తే గుర్రాలు మూడు ఉంటే ఒకదాన్నొకటి అలసగొట్టి, ఎనిమిదో స్థానంలో ఉన్న బద్ధకపు గుర్రానికి పందెం అప్పజెబుతాయి. మన ఏడేళ్ల గుర్రానికి ఈ రాత్రి ముందుకెళ్లే పోటీదారు ఒకటే ఉందనుకుంటే, అది మేలు. ఫేవరెట్ సంగతి చూద్దాం. కిందటి వారం మూడు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. ఏడు ఫర్లాంగుల దూరంలో పొడవుకు రెండు, రెండున్నర పౌన్లు కడతారు కాబట్టి, గెలిచినందుకు ఇప్పుడు అదనంగా మోస్తున్న పెనాల్టీ బరువు ఆ ఆధిక్యాన్ని చాలావరకు మింగేసింది. పైగా ఆ గెలుపు ముందు ఎవరూ అడ్డుపడని రేసులో వచ్చింది. జనం గెలుపును చూస్తారు, గెలిచిన తీరును చూడరు. పంచకల్యాణి, సుడులు అని మన పాతవాళ్లు గుర్రం ఒంటి మీద వెతికిన శుభలక్షణాన్ని ఈ కాలపు బెట్టింగువాడు కిందటి రేసు ముందున్న 1 అంకెలో వెతుక్కుంటున్నాడు.

ఇదంతా బాగానే ఉంది గానీ, ట్రైనర్లు గుర్రాన్ని కావాలనే ఓడించి రేటింగు తగ్గించుకుంటారు కదా, అప్పుడు మీ చదువు ఏం కావాలి? రేసు జనంలో చాలామంది నమ్మే సిద్ధాంతం ఇదే, లండన్‌లోనూ మన హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులోనూ. గుర్రాన్ని దాని సత్తా మేరకు పరుగెత్తించకపోతే శిక్షించే నిబంధనలు బ్రిటన్‌లో ఉన్నాయి. ఉన్నట్టుండి మెరుగ్గా పరుగెత్తితే స్టీవార్డులు ట్రైనరును పిలిచి సంజాయిషీ అడుగుతారు. నిబంధన ఉంది కాబట్టి మోసం లేదని నేను అనను. కానీ కుట్రను ఊహించక్కర లేకుండానే ఆ ఓటముల్లో ఎక్కువ భాగానికి కారణం దొరుకుతుంది. క్లాస్ 6 రేసు గెలిస్తే వచ్చేది కొన్ని వేల పౌన్లు. గుర్రాన్ని ఏడాది పాటు మేపి, శిక్షణ ఇప్పించడానికి అయ్యేది దానికి ఎన్నో రెట్లు. అలాంటి యజమాని గుర్రం దగ్గరలో ఏ రేసు దొరికితే దానికి పోతుంది, దూరం నప్పినా నప్పకపోయినా. సరిపడని రేసులో ఓడటానికి కుట్ర అక్కర్లేదు. ఒకవేళ కుట్రే అయినా, సరిపడే గేటు, దూరం, రేటింగు ఒకచోట కుదిరిన రోజే దాన్ని వాడుకుంటారు. అంటే చదివేవాడు చూసే గుర్తులు రెండు సందర్భాల్లోనూ అవే.

ట్రాకు స్వభావం మీద కూడా ఒక పేచీ ఉంది. ఆల్‌వెదర్ అన్న పేరే అతిశయం. పాలీట్రాక్ అయినా, టాపెటా అయినా ఇసుక, పీచు, మైనం కలిపినవే. ఎండకు మైనం మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది, దున్నిన లోతును బట్టి వేగం మారుతుంది. టాపెటా కనిపెట్టిన మైకేల్ డికిన్సన్ 1983 చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌లో మొదటి ఐదు స్థానాలూ తన గుర్రాలకే తెచ్చిన ట్రైనరు, నేల గురించి ఆయనకు తెలిసినంత తెలిసినవాళ్లు అరుదు. అయినా ఆయన నేల కూడా మారకుండా ఉండదు. వుల్వర్‌హాంప్టన్ 2014లో పాలీట్రాక్ నుంచి టాపెటాకు మారింది. సౌత్‌వెల్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్న ఫైబర్‌శాండ్‌ను 2021లో తీసేశారు. ఆ లోతైన ఇసుకలో వరసగా గెలిచిన గుర్రాలకు ఆ ఒక్క మార్పుతో బతుకుతెరువు పోయినట్టయింది. కాబట్టి ట్రాకు పేరు ఒకటే కదా అని పాత గెలుపును లెక్కలో వేసుకోకూడదు. కానీ పచ్చిక నేలలు ఒక్క వానకే రాయి నుంచి బురద దాకా మారతాయి. దాంతో పోలిస్తే ఇసుక ట్రాకు మార్పు స్వల్పం. టైమింగులకు ఇక్కడ విలువ ఉండటానికి కారణం అదే. బ్రిటన్ పచ్చిక రేసులకు, ఇసుక రేసులకు గుర్రానికి వేరువేరు రేటింగులు ఇస్తుండటం కూడా ఇవి రెండూ వేరు లోకాలని ఒప్పుకోవడమే.

ఇప్పుడు ధర దగ్గరికి వద్దాం. పన్నెండు గుర్రాల రేసులో ఏమీ తెలియనివాడు ఒక్కోదానికి నూటికి ఎనిమిది చిల్లర అవకాశం కడతాడు. పైన చెప్పిన కారణాలన్నీ కలిపితే మన గుర్రానికి 14 దాకా ఇవ్వవచ్చు, అంటే ధర 6/1 (రూపాయికి ఆరు రూపాయల లాభం) ఉండాలి. బుకీ 10/1 ఇస్తున్నాడంటే అతని లెక్కలో దాని అవకాశం తొమ్మిది మాత్రమే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, బుకీ ధరలన్నిటినీ శాతాల్లోకి మార్చి కూడితే నూరు రాదు. ఇలాంటి రేసులో 3/1 ఫేవరెట్ నుంచి 50/1 గుర్రం దాకా కూడితే 119 వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ పైన ఉన్న 19 అతని అద్దె. అది అన్ని గుర్రాల మీదా సమానంగా పడదు కూడా. గెలిచే అవకాశం తక్కువున్న గుర్రాల మీద జనం అతిగా ఆశపడతారని 1949లోనే గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చూపించాడు. మార్కెట్‌కు అన్నీ తెలుసనేవాళ్లకు నా జవాబు ఇది: మార్కెట్‌కు ఫేవరెట్ గురించి చాలా తెలుసు, 8, 7, 9 అంకెల వెనక ఏముందో వెతకడానికి మాత్రం దానికి తీరిక లేదు. అంచనా వేసేవాడు ధర చూడకముందే తన అంకె కాగితం మీద రాసుకోవాలి. చూశాక రాస్తే ఆ అంకె ధర వైపు జారిపోతుంది. ఇంకొక సంగతి, ఆ 14 నిజమే అయినా ఆ గుర్రం ఏడింట ఆరుసార్లు ఓడుతుంది. అలాంటి పది పందేలు వరసగా ఓడే అవకాశం ఐదింట ఒకటి కన్నా ఎక్కువే. ఓడిపోయిన మర్నాడు అంచనా తప్పని తేల్చుకునేవాడు ఈ లెక్కల జోలికి రాకపోవడం మంచిది.

ఇది నైపుణ్యమా, జూదమా అన్న వాదన మన దగ్గర కోర్టు దాకా వెళ్లింది. గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని, అది జూదం కాదని మద్రాసు రేసు క్లబ్బుకు సంబంధించిన లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. గుర్రం జాతి, శిక్షణ, జాకీ, దూరం అన్నీ చూసి అంచనా వేయవచ్చన్న మాట నిజమే. కానీ నైపుణ్యం ఉందంటే లాభం కూడా ఉందని కాదు. బుకీ 19 పాళ్ల అద్దెను దాటడమే నిపుణుడికి గగనం. మనదేశంలో ఆ అద్దెకు తోడు పందెం మొత్తం విలువ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. అంచనా ఎంత పదునైనదైనా మలక్‌పేట కిటికీ దగ్గర డబ్బు చెల్లించి ఆ గండిని పూడ్చడం సాధ్యం కాదు.