మందమర్రిలో చలికాలపు అతిథిమర్యాద

కడచిన డిసెంబరు నెలలో మేము మా తమ్ముని యింటికి మందమర్రి పోయి పది దినములు గడపితిమి. కాజీపేటలో సిర్పూరు కాగజ్‌నగరు పోవు రైలెక్కి, రామగుండము దాటి, గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల చేరునప్పటికే చలి కిటికీ సందులనుండి లోనికి చొరబడజొచ్చెను. అటుపిమ్మట రవీంద్రఖని, ఆపైన మందమర్రి. ఉత్తర తెలంగాణములో ఈ ప్రాంతము చలికి పేరుపడినది. ఉష్ణమాపకము పది డిగ్రీలకు దిగువకు పడిపోవు రాత్రులు ఇచ్చట క్రొత్త కావు.

మందమర్రి మునుపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు మంచిర్యాల జిల్లాలో చేరినది. ఊరికి అన్నము పెట్టుచున్నది సింగరేణి బొగ్గు. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. ఆ తేదీని సింగరేణి దినముగా ఏటేట జరుపుకొందురు. రెండు దినములకు క్రిస్మసు, మూడు వారములకు సంక్రాంతి. కావున క్వార్టర్లలో ఇది చుట్టములు వచ్చిపోవు కాలము. వచ్చినవారి చేతికి ఏమి యందీయవలెనన్నది ప్రతి యిల్లాలికిని ప్రశ్నయే.

చిన్న ప్రశ్నయే గదా యని మేమును మొదట తలంచితిమి. మా మరదలి యింట నాలుగు దినములున్న పిమ్మట అది యెంత పెద్దదో తెలిసినది.

అచ్చటివారు గనిని బాయి యందురు. భూగర్భపు బాయిలో చలి యుండదు. ఉక్కయు తేమయు నుండును. ఎనిమిది గంటలు చెమటతో పనిచేసి రెండవ షిఫ్టువారు పైకి వచ్చునప్పటికి రాత్రి పదునొకండు గంటలగును. తడిసిన మేనికి ఒక్కసారిగా చలిగాలి తగులును. ఆ వేళ ఒడలు వేడినే కోరును. బాయికిని ఇంటికిని నడుమ త్రోవలో ఆ వేడిని సీసాలో నమ్మువారు ఎక్కడనైనను కాచుకొని యుందురు.

దాచనేల? మా తమ్ముడు ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఆ త్రోవలోనే ఆగుట మరిగెను. జీతము వచ్చిన వారమున సగమే యిల్లు చేరెడిది. మా యమ్మ కార్చిన కన్నీరు మేమెరుగుదుము. మరదలు ఏడ్చినది, అలిగినది, పుట్టింటికి పోయి వచ్చినది. పిమ్మట ఒకనాడు ఆలోచించి చూడగా, మగడు త్రాగునది ప్రొద్దున గాదు, సెలవునాడు గాదు. షిఫ్టు దిగి యిల్లు చేరు నా అరగంటలోనే యని కనిపెట్టినది.

"వదినె, ఆయన బాయిల నుంచి పైకొచ్చేటాలకు ఇంట్ల గిన్నె పొగలు కక్కాలె. ఆ సంగతి ఆయనకు తెల్వాలె. గంతే నేను చేసింది," అని మాతో చెప్పినది.

గిన్నె యొక్కటే మాన్పించెనని మేము వ్రాయము. వైద్యుని సలహాయు మందులును కావలసివచ్చెను. త్రాగుడు ముదిరినవారిచే ఒక్కసారిగా మాన్పించుట ప్రాణాపాయము కూడ కావచ్చును గనుక, అట్టివారిని వైద్యునికి చూపవలెనని సోదరీమణులు మరువరాదు. అయినను, రాత్రి పదునొకండింటికి నిద్రమాని పొయ్యి వెలిగించిన ఆమె పట్టుదల లేనిదే ఆ మందులు పనిచేసి యుండవని మా తమ్ముడే యన్నాడు.

క్రిస్మసుకు ముందటి సాయంకాలము మరదలు నలుగురిని పిలిచినది. ప్రక్క క్వార్టరులోని క్రైస్తవ కుటుంబము కేకు తెచ్చినది. తమ్మునితో పనిచేయువారు కొందరు భార్యాబిడ్డలతో వచ్చిరి. వారిలో ఒకరు, "ఏం చెల్లె, పండుగ పూట చాయతోనే ఎల్లగొడ్తవా?" అని నవ్వుచు నడిగెను. మాటలో నవ్వున్నను, కోరిక నిజమే. మా తమ్ముడు తలవంచుకొనెను. మరదలు మాత్రము బదులు చెప్పక లోనికి పోయి, ఇత్తడి గిన్నెతో వచ్చి గ్లాసులు నింపినది. ఆయన ముక్కుకడ పెట్టుకొని, "ఇది ఇప్పపువ్వు గదా!" యని తెల్లబోయెను.

ఇప్పపువ్వే. గోండులు, నాయకపోడులు మొదలగు అడవిబిడ్డలకు ఇది ఆహారము, దైవప్రసాదము కూడ. మందమర్రికి చేరువనున్న గాంధారి ఖిల్లాకడ నాయకపోడులు మాఘమాసమున జాతర చేయుదురు. వేసవి తొలినాళ్ల రాలు ఈ పూలను ఏరి యెండబెట్టి ఏడాది పొడుగున వాడుకొందురు. పులియబెట్టి కాచిన సారా యగును. పులియనీయక మరిగించిన తీయని పానకమగును. పువ్వొక్కటే, చేయి వేరు. ఆ పెద్దమనిషి రెండవ గ్లాసు కూడ అడిగి పుచ్చుకొనెను.

చేయు విధము. ఎండు ఇప్పపూలు ఒక గుప్పెడు తీసికొని, లోని కేసరములు రాల్చి, మూడు నీళ్లలో కడిగి అరగంట నాననీయవలెను. ఆరు గ్లాసుల నీటిలో వేసి నాలుగు గ్లాసులగువరకు మరిగించి, చిన్న శొంఠికొమ్ము, ఆరు మిరియాలు, నాలుగు ఏలకులు దంచి వేసి దింపి వడకట్టవలెను. పువ్వు తీయదనమే చాలును. చాలనిచో కొంచెము బెల్లము. మిగిలినది మరునాటికి ఉంచరాదు. పులిసిన యెడల మన ఉద్దేశమే చెడును.

పిల్లలకు మరదలు సంత్రాలతో వేరొకటి చేసినది. డిసెంబరులో నాగపురపు సంత్రాలు సంతకు వచ్చును. రెండంగుళముల దాల్చినచెక్క, నాలుగు లవంగములు, కొద్దిగా సంత్రాతొక్క, నిమ్మకాయంత బెల్లము రెండు గ్లాసుల నీటిలో పదినిమిషములు మరిగించి దింపి, ఆరు సంత్రాల రసమును అప్పుడు కలిపినది. రసమును పొయ్యిమీద మరిగించిన చేదెక్కును.

ఈ రెండవది చూడగా మాకు పడమటి దేశముల ఆచారము జ్ఞప్తికి వచ్చినది. జర్మనీలో క్రిస్మసు సంతలయందు ద్రాక్షసారాయమును దాల్చినచెక్క, లవంగములతో వేడిచేసి అమ్ముదురు. పిల్లలకై సారాయము లేక పండ్లరసముతోనే వేరుగా కాతురు. ఆ పానీయమునకు పండుగ వాసన నిచ్చు దినుసులు మన మలబారునుండియు, సింహళమునుండియు, మొలుక్కా దీవులనుండియు ఓడలెక్కి పోయినవే. అవి మన పోపులడబ్బాలో నుండగా, పండుగకై సీసా తెరువ నేల?

పైగా సారా వేడి పుట్టించునన్నది భ్రమ. అది చర్మపు రక్తనాళములను విప్పును. నెత్తురు పైకి వచ్చుటచే వెచ్చనైనట్లు తోచును గాని, లోపలి వేడి బయటికి పోయి దేహము మరింత చల్లబడును. మత్తులో నున్నవారిని గనిలోనికి పోనీయరాదని గని నిబంధనలే చెప్పుచున్నవి.

మన స్త్రీలు ఈ విషయమున ఊరకుండినవారు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న పల్లెపడుచులు సారా అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించగా 1993లో సారాయు, 1995లో సమస్త మద్యములును నిషేధింపబడెను. మద్యనిషేధము 1997లో సడలింపబడెను. చట్టము వచ్చుచుండును, పోవుచుండును. ఇంటిపొయ్యి మాత్రము మన చేతిలోనిది.

మేము బయలుదేరుటకు ముందటి రాత్రి మెలకువగా నుంటిమి. పదునొకండు దాటెను. మరదలు శాలువ కప్పుకొని అల్లముచాయ మరిగించుచుండెను. గేటు చప్పుడైనది. తమ్ముడు లోనికి వచ్చి, మాటాడక పీటమీద కూర్చుండి, గ్లాసును రెండు చేతులతో పట్టుకొనెను. కొంతసేపటికి, "అక్కా, నువ్వింక పండలేదా?" అనెను.

పండుకొనలేదని చెప్పి, మేమును ఒక గ్లాసు పుచ్చుకొంటిమి.