వేరు పొయ్యి

ఒకే పెరడు, ఒకే బావి, పొయ్యి మాత్రం వేరు. ఇలాంటి కాపురాలు మనకు కొత్తేం కాదు. చిన్నవాళ్ళు ఏం వండుకుంటున్నారని పెద్దింట్లో ఎవరూ అడగరు. వీధిలో తగువొస్తే మాత్రం పెద్దవాళ్ళే గుమ్మంలోకి వస్తారు. దేశాల్లో కూడా అలాంటి కాపురం ఒకటుందంటే నమ్ముతారా?

ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమ సముద్రంలో ఐల్ ఆఫ్ మాన్ అని ఓ దీవి. 2021 లెక్కల్లో జనం 84 వేల పైచిలుకు. తోకలేని పిల్లులకు ప్రసిద్ధి. బ్రిటన్ రాజే వాళ్ళకీ ఏలిక, కానీ ఆ దీవి బ్రిటన్‌లో భాగం కాదు! టిన్‌వాల్డ్ అనే సొంత శాసనసభ, సొంత పన్నులు, సొంత నోట్లు. సైన్యం, విదేశాలతో వ్యవహారం లండన్ వంతు.

ఆ దీవి ఏలుబడి హక్కు ఒకప్పుడు షార్లెట్ అనే ఆవిడకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. 1765లో ఆవిడా, భర్త అథోల్ ప్రభువూ దాన్ని 70 వేల పౌండ్లకు బ్రిటిష్ రాజుకు వదులుకున్నారు. దొంగరవాణా అరికట్టాలని లండనే పట్టుబట్టింది లెండి. పుట్టింటి సొమ్ము చేజారడం ఒక్క మన దగ్గరే కాదన్నమాట!

అయినా వేరు పొయ్యి ఆరలేదు. 1881లో టిన్‌వాల్డ్ సొంత ఆస్తి ఉన్న పెళ్ళికాని స్త్రీలకూ, వితంతువులకూ ఓటిచ్చింది. మొగుడున్న ఆవిడకు లేదు, ఆ ముచ్చట వేరే! బ్రిటన్ ఆడవాళ్ళు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు చూసింది 1918లో. అదీ ముప్ఫై నిండినవాళ్ళే, అందులోనూ కొందరే. పెద్దింట్లో వండేదాకా కూర్చుంటే ఇంకో 37 ఏళ్ళు పస్తే!

వంట మాడిన రోజూ ఉంది. 1972లో ఓ పదిహేనేళ్ళ కుర్రాణ్ణి కోర్టు తీర్పు మీద బరికెలతో కొట్టారు. అది మనిషిని కించపరిచే శిక్ష అని యూరపు మానవహక్కుల కోర్టు 1978లో చెప్పింది. బోనులో నిలబడి సంజాయిషీ చెప్పుకున్నది దీవి కాదు, బ్రిటన్! ఆ శిక్షను చట్టంలోంచి తీసేసేసరికి 1993 వచ్చింది.

ఇక అసలు సంగతి. లండన్ పార్లమెంటు తలచుకుంటే ఈనాటికీ ఆ దీవికి చట్టం చేయగలదు. వాళ్ళు ఒప్పుకోకుండా చేయకపోవడం ఆనవాయితీ, అంతే. రాసిచ్చిన హక్కు కాదు, పాటిస్తూ వస్తున్న మర్యాద. అలాంటి మర్యాద ఎంత గట్టిదో, ఎంత పెళుసో వేరుకాపురం పెట్టిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పొయ్యి తనదే, గిన్నెలు తనవే. ఇంటి పట్టా ఎవరి పేరున ఉందో మాత్రం ఏ పూటా మరిచిపోదు.