సైకిలు మీద ఎల్లారెడ్డికి

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి లింగంపేట మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు. బస్సులున్నవి. అయినను మొన్న ఫిబ్రవరిలో అన్నదమ్ములమిద్దరము ప్రార్థన చేసుకొని సైకిళ్లపై బయలుదేరాము. బావగారు గతించినప్పటి నుండి ఎల్లారెడ్డిలో మా అక్కయ్య ఒక్కతే ఉంటున్నది. బస్సులో వెళితే గంట కూర్చోగానే "ఆఖరి బస్సు పోతది, లేవుండ్రి" అని ఆమే పంపించేస్తుంది. సైకిలు మీద వెళితే ఆ రాత్రి ఉండక తప్పదు గదా!

మావి గేర్లు లేని పాత సైకిళ్లు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నెట్టాము. మోటారు సైకిళ్లపై పోయే పిల్లలు నవ్వారు. నవ్వనీయండి. ఫ్రాన్సు దేశంలో 1903లో మొదలైన పేరుగాంచిన సైకిలు పందెం 1910లో పిరనీస్ కొండలెక్కినప్పుడు, ఆ ఏడు గెలిచిన లాపీజ్ సహితము టూర్మలే కనుమలో దిగి నడిచాడు. గేర్లు మార్చే సాధనాన్ని ఆ పందెంలో 1937 వరకు అనుమతించనే లేదు.

అడవిలో టేకు ఆకులు రాలి, మోదుగు విరబూసి ఉన్నది. లింగంపేటలో నాగన్న బావి చూశాము. రాతి మెట్ల దిగుడుబావి అది. ఇటీవలి సంవత్సరాలలో బాగుచేశారు. దిగేకొద్దీ చల్లదనం! బస్సులో ఎన్నిసార్లు పోయినా ఇది మా కంటబడలేదు. కాళ్లు పీకుతున్నవి గనుక చాలసేపు కూర్చున్నాము.

పొద్దుగూకే వేళకు చేరాము. "గీ వయసుల గిదేం పనిరా!" అని అక్కయ్య కోప్పడి, వేణ్ణీళ్లు కాచి, జొన్నరొట్టెలు చేసింది. రాత్రి దీపమార్పిన తరువాత, మేము అడుగకుండానే, బావగారి చివరి దినముల సంగతి మొదటిసారిగా చెప్పింది. తెల్లవారి లేచేసరికి ఆయన గాలిపంపు వెదకి మా సైకిళ్ల దగ్గర పెట్టి ఉంచింది.