ఐదు మెట్లు పైకి, నాలుగు మెట్లు కిందికి

అమెరికాలో 1960, 70లలో ఒక రకం ఇళ్లు బాగా కట్టారు. స్ప్లిట్ ఫోయర్ అంటారు. తలుపు తీయగానే చిన్న జాగా, అక్కడి నుంచి కొన్ని మెట్లు పైకి, కొన్ని కిందికి. మా ఆడపడుచు వీడియో కాల్‌లో అట్లాంటి ఇల్లొకటి చూపించి, "వదినా, అచ్చం మన సిరికొండ ఇల్లు లెక్కనే లేదా?" అంది.

నిజమే. మన దిక్కు ఇట్లాంటి ఇంటికి పేరే లేదు కానీ ఇళ్లు మాత్రం గల్లీకి రెండున్నాయి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారి పాతదాని మీదే పోస్తారు, పెంకుటిల్లు రోడ్డు కిందికి పోతుంది. గల్ఫ్ పైసలు రాగానే ముందట రెండు స్లాబు రూములు లేస్తాయి. రోడ్డు మళ్లీ పెరుగుతుందన్న భయంతో వాటి బేస్‌మెంటు ఇంకా ఎత్తు. మాకు దర్వాజ దగ్గర ఐదు మెట్లెక్కితే కొత్త రూములు, కిందికి దిగితే పాత ఇల్లు.

వంట, టీవీ, పిల్లలు అంతా పైనే. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ కిందనే. పళ్లెం కిందికి పోయేది. "జైల్ల బువ్వ ఇచ్చినట్టిస్తున్నరు" అందొక రోజు, నవ్వుకుంటనే. నాకు నవ్వు రాలేదు.

పాతది కూలగొట్టి మొరం పోసి లేపుమన్నారు అందరూ. అంత ఖర్చు మా వల్ల కాదు. ర్యాంపు వేద్దామంటే, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. రెండడుగుల దిగుడుకు 24 అడుగులు, మాకున్న జాగా 9 అడుగులు. అందుకే అత్తమ్మను పైకి తెచ్చే ఆలోచన మాని వంటిల్లునే కిందికి దించినం. "కొత్తిల్లు కట్టి పాతింట్ల వండుతవా?" అని మా ఆయన గులిగిండు. మే నెలలో ఆ స్లాబు కింద వండి చూస్తే తెలుస్తది.

మూడు ఎత్తు మెట్లను నాలుగు చేయించినం, ఒక్కోటి ఆరంగుళాలే. రెండు పక్కలా పట్టుకోను పైపు, చూపు ఆనేటట్టు మెట్ల అంచుకు పచ్చ రంగు. చీకటి పోవడానికి నాలుగు బెంగుళూరు పెంకులు తీసి అద్దం పెంకులు పెట్టించినం. మట్టిగోడకు మేస్త్రీ సిమెంటు పూస్తానన్నడు, నేనొద్దన్న. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోక పెచ్చులు లేస్తాయి. సున్నమే పూయించినం. సున్నం దొరికింది కానీ, పూసేటోడు దొరకడానికే నెల పట్టింది.

ఇంకొకటి మరువద్దు. వంటగ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే పల్లంలోనే నిలుస్తుంది. సిలిండరు బయట దొడ్లో పెట్టి, దొడ్డి దిక్కు గోడకు నేలను ఆనుకునే జాలీ పెట్టించినం.

ఇప్పుడు అత్తమ్మ కూరగాయలు కోసుకుంటనే నా పప్పులో ఉప్పెక్కువైందని చెప్తది. పిల్లలు కూడా కిందనే చదువుకుంటున్నరు. పై రూములు రాత్రి పడుకోవడానికే.

మా గల్లీలో రోడ్డు మళ్లీ వేస్తారంటున్నరు. పాతది తవ్వినాకే కొత్తది పోయాలని ఆడవాళ్లమంతా సంతకాలు పెట్టి పంచాయతీలో కాగితం ఇచ్చినం.